చెవులున్న రేడియో

గురువారం అంగడి నుంచి వచ్చి, గంపలు ఇంట్లో పడేసి, పెద్దపల్లి సాలెవాడ జనమంతా పంచాయతీ అరుగు మీద చేరేవాళ్లు. అది పంచాయతీ బ్యాటరీ రేడియోలో కొత్త సామాన్ల ముచ్చట వచ్చే పూట. బజార్లో కొత్తగా ఏ వస్తువు దిగిందో, దాన్ని ఎట్లా వాడాలో పట్నం నుంచి ఒకామె పాకం కారే గొంతుతో చెప్పేది. ఆమెను అందరూ రేడియోక్క అనేవాళ్లు.

వేరే ఊళ్లలో రేడియో మాట్లాడితే జనం వింటారు. పెద్దపల్లిలో జనం మాట్లాడితే రేడియో కూడా వినేది. రేడియో ముందటి జాలి గుడ్డ దగ్గర ఏమన్నా సరే పట్నంలో ఆమెకు చేరేది. ఆమె జవాబు చెప్పేది. అంత పెద్ద డబ్బాకు ఆమాత్రం చెవులుండవా అనుకున్నారు తప్ప, ఎవరూ వింతపడలేదు. పంచాయతీ గుమస్తా దశరథానికి ఒకటే బాధ, ఆకువక్క నమిలే నోళ్లు జాలి మీద తుంపర్లు కొడుతున్నాయని.

"శ్రోతలకు నమస్కారం. ఈ వారం విద్యుత్ ఇస్త్రీపెట్టె గురించి..."

"ఓ రేడియోక్కా" అని భూమవ్వ అందుకుంది. వాడలో మగ్గం మీద, మాట మీద ఆమెదే పైచేయి. "మా వాడకు కరెంటే రాలే. గా తీగె తీస్కపోయి బర్రె కొమ్ముకు కట్టాల్నా?"

"కరెంటు ఉన్నవాళ్లకు చెబుతున్నానండీ."

"ఉన్నోళ్లకు దుకాణపోడే చెప్తడు. నువ్వెందుకు మల్ల?"

వెనకనుంచి కైలాసం మెడ చాపిండు. "పోయినసారి పంపు స్టవ్వు మంచిదన్నవ్. గాలి కొట్టి కొట్టి రెక్కలు గుంజుతున్నయి. మా ఆమె వంట చేస్తలేదు, నాతోని కసరత్తు చేయిస్తుంది."

"బర్నరును పిన్నుతో పొడిచి చూశారా?"

"పొడిచిన. అది మంట ఎగదన్నింది. సగం మీసం పోయింది."

రేడియోక్క నిట్టూర్చింది. ఆ గాలికి జాలి గుడ్డ బయటికి ఉబ్బింది. ఆమెనని ఏం లాభం? ఈ వస్తువులు తయారుచేసే మహానుభావులు ఒక్కనాడన్నా పొయ్యి ముందట కూసున్నట్టు లేదు. కూసుంటే స్టవ్వుకు అన్ని బొక్కలు పెట్టకపోదురు.

"ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగిందామె, ఎవరూ లేకుంటే బాగుండునన్నట్టు.

ఉంది. సలీమా ఉంది. మొగడు బొంబాయి పోయి అక్కడ ఇంకోదాన్ని నిఖా చేసుకుంటే, కాళ్ల కడియాలు అమ్మి చేతి కుట్టుమిషను కొనుక్కున్న మనిషి. ఇచ్చోడలో హోటలు నడిపే అన్న అజీముద్దీన్ ఒక మాట అన్నడు. పీర్ల పండుగ దాటేదాకా చూస్తా, మిషను బువ్వ పెడితే ఉండు, లేకుంటే మా ఇంటికి రా అని. ఆ ఇంట్లో వదిన చేతికింద పొద్దందాకా అంట్లు తోముడే బతుకని సలీమాకు తెలుసు. పండుగ దాటింది. మిషను జానెడు కుట్టి దారం తెంపుతుంది. రైకలు ఇచ్చినోళ్లు వాపసు తీసుకపోయిండ్రు.

"అక్కా, వారం వారం చెప్తనే ఉన్న" అంది సలీమా. "మిషను ఖరాబుంది."

"ఎంతో పేరున్న మిషనమ్మా అది. చెయ్యి నెమ్మదిగా తిప్పాలని చెప్పానా?"

"నెమ్మదిగ తిప్పితే నెమ్మదిగ తెగుతుంది."

అప్పుడే అజీముద్దీన్ అరుగెక్కిండు. సలీమా బట్టల పెట్టెను తానే సర్ది, భుజం మీద పెట్టుకొని వచ్చిండు. "చల్ సలీమా. బస్సు నిలబడ్డది."

"జర ఆగు భాయ్."

"ఎంతకని ఆగాలె? మిషను కుడితే ఉండుమన్న. నేను మాట తప్పెటోన్ని కాదు. గది కుడుతదా మరి?"

"మిషను ఇక్కడికి తెండి" అంది రేడియో. గొంతులో పాకం ఇంకిపోయింది.

తెచ్చి జాలి ముందట పెట్టిండ్రు. సలీమా చక్రం తిప్పింది. టక్కున దారం తెగింది. రేడియో గట్టిగా తుమ్మింది.

"పుల్లటి వాసన వస్తోందేమిటి? దారానికి ఏం చేశారు?"

"గంజి పెట్టినం" అన్నది అరుగంతా ఒక్క గొంతుతో, గర్వంగా. సలీమా కొన్న ఉండలన్నీ విప్పి, గంజి పట్టించి, ఆరేసి, మళ్లీ చుట్టి ఇచ్చేది భూమవ్వనే. గంజి తాగని నూలు ఆ వాడలో మగ్గం ఎక్కదు, మిషనెట్లా ఎక్కుతుంది?

"కుట్టుదారానికి గంజా?" రేడియోక్క ఏడ్చినంత పని చేసింది. "మగ్గం వేరు, మిషను వేరు తల్లీ! దారాన్ని బిగించే బిళ్లల మధ్య గంజి అట్ట కట్టి ఉంటుంది. కిరసనాయిలుతో తుడవండి."

దశరథం గొణుగుతూ పంచాయతీ లాంతరు వంచి, సలీమా పేలిక మీద కిరసనాయిలు పోసిండు. వార్తల వేళ దాటిపోయింది. రేడియోలో ఎవరో మగాయన గొంతు సవరించుకున్నడు, కాగితాలు టపటపలాడించిండు. "ఆగండి, ఇక్కడ మిషను తుడుస్తున్నారు" అని ఆమె కసిరింది. దేశం వార్తలన్నీ సలీమా చేతి పేలిక కోసం నిలబడ్డయి.

భూమవ్వ మొఖం చిన్నబోయింది. "నేనే నీ నోట్ల మన్ను గొట్టిన్నా బిడ్డా?"

"మన్ను కాదవ్వా, గంజి. జర జరుగు, వెలుతురు రానియ్యి."

ఆనాడు అంగట్లో కొన్న ఉండ ఇంకా భూమవ్వ చేతికి పోలేదు. సలీమా దాన్ని ఎక్కించి, కొంగు అంచు సూది కింద పెట్టి తిప్పింది. ఈ కొస నుంచి ఆ కొసకు కుట్టు పరుగెత్తింది. అజీముద్దీన్ ఆ కుట్టును రెండు చేతులతో పట్టి గుంజిండు. ఊడలేదు.

"అజీముద్దీన్ గారూ" అంది రేడియో మెల్లగా. "కుడితే ఉండమన్నారు. ఆ మాట రేడియోలున్న ఊళ్లన్నీ విన్నాయి. ఇక వార్తలు."

వార్తలు ఎవరూ వినలేదు. బస్సు హారను కొట్టి కొట్టి, విసిగి వెళ్లిపోయింది. ఇంటికి ఉరికినోళ్లు రైకగుడ్డలతో తిరిగొచ్చి మిషను చుట్టూ మూగిండ్రు. అజీముద్దీన్ శానా సేపు గడ్డం గోక్కున్నడు.

"నా కమీజు చంకల చినిగింది" అన్నడు ఆఖరికి.

సలీమా తలెత్తలేదు. "భూమవ్వ రైక అయినంక. గాడ కూసో భాయ్."

అజీముద్దీన్ పెట్టెను గోడవారకు జరిపి, దాని మీద కూసున్నడు.