ఎనభై అయిదు సీట్లు

కాలేజీ వదిలేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: రెండుసార్లు కోసి కుట్టిన ఎడమ మోకాలు, ఎవరికీ అక్కరలేని డిగ్రీ, పరాయి తల్లులు నన్ను ఇట్టే నమ్మేసే గుణం. మొదటి రెండూ అమ్ముడుపోయే సరుకు కాదు. మూడోది అమ్ముడుపోతుందని నాకన్నా ముందు కనిపెట్టినవాడు మా హెడ్ కోచ్ హార్లన్ టిస్‌డేల్.

ఆయన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో నాలుగేళ్లు ముందు వరసలో ఆడాను. బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి దారి చెయ్యడానికి ఎదుటివాళ్ల మీద పడి తొయ్యడం మా వరస పని. చప్పట్లు వెనకవాడికి పోతాయి. నేను ఆడే రోజులు అయిపోయాక ఆయన నన్ను సహాయకుడిగా పెట్టుకున్నాడు. రెండేళ్లు మ్యాచ్ టేపులు కత్తిరించాను, ఆయన కారు కడిగాను. తర్వాత కుర్రాళ్లను తీసుకురమ్మని మిసిసిపీ డెల్టా ఊళ్లు నాకు అప్పగించారు.

మా వ్యాపారం పద్ధతి చెబుతాను. చదువు ఖర్చు యూనివర్సిటీ భరించే సీట్లు జట్టుకు ఎనభై అయిదు. ఒక్కటి కూడా మించకూడదు. కానీ ఫిబ్రవరిలో కుర్రాళ్ల సంతకాలు తీసుకునేటప్పుడు ఎవరూ లెక్కపెట్టరు, ఆగస్టులో లెక్కపెడతారు. అందుకని టిస్‌డేల్ ఏటా నాలుగైదు సంతకాలు ఎక్కువే తీసుకునేవాడు. కొందరు పరీక్ష తప్పుతారు, కొందరు కాళ్లు విరగ్గొట్టుకుంటారు, లెక్క సరిపోతుంది. సరిపోకపోతే మేం సరిపెడతాం. ఎందుకంటే కాగితం మీద సీటు ఒక్క ఏడాదికే, ఇళ్లకెళ్లి నాలుగేళ్లని చెప్పేది మేము. కోచ్ ఎదురుగా కూర్చుని ఉండగా కాగితం చదవడమంటే ఆయన్ని అనుమానించినట్టేనని ఆ ఊళ్లలో అనుకుంటారు. ఎవరూ చదవరు.

వెర్నెల్ బ్రాక్‌స్టన్ ఇంటి మెట్లు అలాగే ఎక్కాను. ఆమె బడి వంటశాలలో పనిచేసేది. ఒక్కడే కొడుకు, కెడ్రిక్, గుమ్మంలో పక్కకు తిరిగితే తప్ప పట్టడు. వేయించిన క్యాట్‌ఫిష్, మొక్కజొన్న రొట్టె, ఉడికించిన ఆకుకూర పెట్టింది.

"తిను నాయనా. కోచ్‌నంటావు, చూస్తే ఎండిపోయి ఉన్నావు."

"రెండొందల యాభై పౌన్లున్నానమ్మా."

"మావాడి పక్కన నిలబడి చెప్పు ఆ మాట." నవ్వింది. చెయ్యి తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది. "ఒక్కటే అడుగుతాను. వీడు అక్కడ ఆడలేకపోతే?"

"ఆడినా ఆడకపోయినా నాలుగేళ్ల చదువు మాదమ్మా. వాడు పట్టా తీసుకునే రోజు మీ పక్కనే నిలబడి చప్పట్లు కొడతాను."

ఆ చివరి మాట నాకెవరూ నేర్పలేదు. అప్పటికే ఆరిళ్లలో చెప్పి ఉన్నాను.

కెడ్రిక్ రెండేళ్లున్నాడు. బలం ఉంది, కాళ్లు కదలవు. లెక్కల్లో మాత్రం జట్టు మొత్తానికి వాడే ముందు, బడిలో లెక్కలు చెబుతానని అనేవాడు. రెండో ఏడు జూన్‌లో టిస్‌డేల్ నన్ను పిలిచాడు.

"ఎనభై ఆరున్నారు స్ట్రౌడ్. బ్రాక్‌స్టన్‌ని పంపెయ్."

"వాడు ఏ తప్పూ చెయ్యలేదు కోచ్. చదువులో అందరికన్నా..."

"చదువుకునేవాళ్లకి లైబ్రరీ ఉందిగా. వాడి పరుగు చూశావా? మా అత్తగారు నయం. నువ్వు తెచ్చిన సరుకే కదా, నువ్వే తిరిగిచ్చిరా." నేను తలుపు దాకా వెళ్లాక అన్నాడు, "అన్నట్టు, మీ ముందు వరసకి నేర్పే లైన్ కోచ్ మానేస్తున్నాడు. ఆ పని ఎవరికో సోమవారం చెబుతాను."

మామూలుగా ఉత్తరం పంపుతాం. నేను స్వయంగా వెళ్లాను, అది మంచితనమనుకున్నాను. కోచ్ వస్తున్నాడంటే శుభవార్తే అనుకుని వెర్నెల్ పొద్దుటి నుంచీ వండింది. నేను ముందు తిన్నాను. చేప రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాను. చెప్పాక మళ్లీ అడగలేనని నాకు తెలుసు. ఆ రుచి గుర్తొస్తే ఇప్పటికీ నోట్లో నీళ్లూరతాయి, ఆ వెంటనే నా నోటి మీద నాకే అసహ్యం పుడుతుంది.

చెప్పాను.

"ఏం చేశాడు?" అంది.

"ఏం చెయ్యలేదమ్మా. సీట్లు సరిపోలేదు."

"సరిపోకపోతే ఎందుకు పిలిచారు?"

చాలాసేపు గిన్నెలు సర్దింది. తర్వాత నా వైపు తిరక్కుండానే మాట్లాడింది.

"ఈ ఊరు సంగతి నీకు తెలీదు. ఫుట్‌బాల్ నుంచి తిరిగొచ్చినవాడంటే మత్తుమందైనా అయ్యుండాలి, దొంగతనమైనా అయ్యుండాలి. సీట్ల లెక్క తప్పిందంటే నమ్మరు, నవ్వుతారు. మీ సీటు మీరే ఉంచుకోండి. వీడు ఏ తప్పూ చెయ్యలేదని మీ యూనివర్సిటీ కాగితం మీద రెండు వాక్యాలు రాసివ్వు. చర్చిలో నేనే చదివి వినిపిస్తాను. ఇంకో కాలేజీలో చూపించుకుంటాడు."

"శుక్రవారం లోపల పంపుతానమ్మా."

సెలవులకు ఇంట్లోనే ఉన్న కెడ్రిక్ నా వెంట కారు దాకా వచ్చాడు. "అమ్మ ఊరుకోవాలని అన్నారా, నిజంగా రాస్తారా కోచ్?"

"రాస్తానురా."

టిస్‌డేల్ విని కుర్చీలో వెనక్కి వాలాడు. "కాగితమా? మతి పోయిందా నీకు? వాడు తప్పు చెయ్యలేదంటే మనం చేశామనేగా. అది పేపరువాడి చేతిలో పడితే ఫిబ్రవరిలో ఏ తల్లి తలుపు తీస్తుంది నీకు?"

వ్యాపారం వరకు ఆయన మాట నిజం. నేను రాయలేదు. సోమవారం లైన్ కోచ్‌నయ్యాను.

వెర్నెల్ మూడుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి రేపన్నాను. తర్వాత రెండుసార్లూ మైదానంలో ఉన్నానని ఆఫీసు అమ్మాయి చేత చెప్పించాను. జూలైలో ఇంకో ఫోన్ వచ్చింది. వాళ్ల ఊరి దగ్గర చిన్న కాలేజీ కోచ్.

"బ్రాక్‌స్టన్ అనే కుర్రాడు మా దగ్గరికొచ్చాడండీ. మనిషి బాగానే ఉన్నాడు. అక్కడేమైనా గొడవా?"

లేదు అంటే చాలు. కానీ లేదని అన్నానంటే, మరి ఎందుకు పంపారని అడుగుతాడు. గది అవతల టిస్‌డేల్ నన్నే చూస్తున్నాడు.

"దాని గురించి నేనేం మాట్లాడలేను," అన్నాను.

మా వృత్తిలో ఆ మాట అన్నాక ఇంకేమీ అడగరు. "అర్థమైంది, థాంక్స్," అని పెట్టేశాడు. కాగితం రాయకపోవడం పిరికితనం. ఇది వేరు. ఊరంతా అనుకునే తప్పును వాడి మీద నా నోటితోనే వేశాను, అదీ వాడి పేరు ఎత్తకుండా.

ఆ కాలేజీ తీసుకోలేదని, కెడ్రిక్ చేపల ఫ్యాక్టరీలో చేరాడని, అక్కడే ఉండిపోయాడని విన్నాను. పట్టా లేనివాణ్ని లెక్కలు చెప్పే ఉద్యోగానికి ఎవరూ పిలవలేదు.

ఆ తర్వాత నా దారి నున్నగా సాగింది. మూడేళ్లకు జట్టు దాడి ఆట వ్యూహం మొత్తం నా చేతికొచ్చింది. నలభై ఒకటో ఏట పక్క రాష్ట్రంలో హెడ్ కోచ్‌నయ్యాను. అడగడానికి నా పైన టిస్‌డేల్ లేడు. ఆ రెండు వాక్యాలకు అయిదు నిమిషాలు చాలు. ఎన్నోసార్లు కాగితం ముందు కూర్చున్నాను. నా సహాయకులు ముగ్గురు ఈ వారం కూడా ఎవరో తల్లుల వంటిళ్లలో తింటూ నాలుగేళ్లని చెబుతున్నారు. ఆ కాగితం బయటికొస్తే వాళ్లకు తలుపులు తెరుచుకోవు. ప్రతిసారీ అదే లెక్క వేసి లేచాను.

చివరికి నా చేతికి వచ్చింది ఇది. నా పేరున ఒక జట్టు, రెండు ఛాంపియన్‌షిప్ ఉంగరాలు, స్టేడియం గోడ మీద నా ఫొటో. సీట్లు సరిపెట్టడానికి నేను ఇళ్లకు పంపిన కుర్రాళ్లు ముప్పై నలుగురు. వాళ్లలో నిజంగా తప్పు చేసినవాళ్లు ఇద్దరు.