చొక్కా అంచులో మాత్రలు

జైల్లో సాయంత్రం నాలుగు కాగానే వరుస కట్టాలి. కాంపౌండరు ట్రే పట్టుకొస్తాడు, నాలుక మీద తెల్ల మాత్ర వేస్తాడు, నీళ్ళు పోసి "నాలుకెత్తు" అంటాడు. నిద్రపట్టనివాడికీ అదే, జాబు రాసుకోనివ్వమన్నవాడికీ అదే. గట్టిగా అడిగితే రెండు.

ఆ రోజు తాపీమేస్త్రికి మూడు వేశారు. నీళ్ళతొట్టి దగ్గర కూలబడ్డాడు, నుదురు చిట్లింది. కాలు జారిందని రాసుకున్నారు. జారిందెక్కడ! మనిషి నిలువునా నిద్రలో ఒరిగిపోయాడని పక్కనున్న దర్జీ కళ్ళారా చూశాడు.

దర్జీకి అప్పటికే ఓపిక చచ్చింది. కిందటి వాయిదాకి జడ్జిగారు "ఏమైనా చెప్పుకుంటావా?" అంటే మాత్ర మత్తుకి నాలుక తిరగలేదు. కేసు ఆరు నెలలు వాయిదా పడింది. కోర్టు బయట భార్య దగ్గరికొచ్చి "జైల్లోనూ తాగుతున్నావా?" అంది. ఏడుపొచ్చింది, అదీ సరిగా ఏడవలేకపోయాడు. మళ్ళీ వాయిదా ఈ సోమవారమే.

"ఇక ఎవరూ మింగొద్దు" అన్నాడు వార్డులో. అరవైమందీ సరేనన్నారు. మాత్రలు చెంపలో దాచి, కుట్టుగదిలో చొక్కాల అంచుల్లో పెట్టి కుట్టేశారు. మూడోనాడు లారీ డ్రైవరు కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయాడు. రెండేళ్ళు మింగిన ఒళ్ళు, ఒక్కసారిగా మానితే ఊరుకుంటుందా!

"నా బుద్ధి గడ్డి తింది" అన్నాడు దర్జీ.

"అందరం తలూపాంగా" అన్నాడు లెక్కల మాస్టారు. ఆయనదీ సోమవారమే వాయిదా. "మందుతో కాదయ్యా మన గొడవ. ఎవరికెంతో చెప్పేదెవడు?"

డ్రైవరుకి సూది వేస్తున్న కాంపౌండరు తలెత్తలేదు. "డాక్టరు ఖాళీ చీటీల మీద సంతకాలు గీకి పోతాడు. పేర్లు జైలరు చెప్తాడు, నేను రాస్తా. నాకూ పిల్లలున్నారు."

"మరి మా పిల్లలు ఆకాశంలోంచి ఊడిపడ్డారా?" అన్నాడు కట్టు తలతో మేస్త్రి.

చివరికొక మాట అనుకున్నారు. వణుకు పుట్టేవాళ్ళు మందు మానకూడదు. మిగతావాళ్ళని డాక్టరు కూర్చోబెట్టి చూడాలి, ఏం మందో చెప్పి రాయాలి. అందాకా ఈ మిగతావాళ్ళు నోరు తెరిచేది లేదు.

శుక్రవారం వరుసలో వణుకువాళ్ళవి తప్ప నోళ్ళు తెరుచుకోలేదు. జైలరు వచ్చి దర్జీ భుజమ్మీద చెయ్యేశాడు.

"సోమవారం వాయిదా కదూ? నీ మాత్ర ఆపిస్తా, హాయిగా మాట్లాడుకో. వీళ్ళకి మాత్రం ఓ మాట చెప్పు."

అబద్ధమెందుకు, దర్జీకి ఆశ పుట్టింది. ఇంటి గుమ్మం కళ్ళముందు మెదిలింది. పక్కన మేస్త్రి కట్టులోంచి ఇంకా నెత్తురు ఊరుతోంది.

"డాక్టర్ని పిలవండి సార్" అని మళ్ళీ నోరు మూసుకున్నాడు.

ఒంటరిగదిలో పడేశారు. సోమవారం వచ్చింది, పోయింది. దర్జీని కోర్టుకి తీసుకెళ్ళలేదు.

మంగళవారం అన్నం పళ్ళెం తోస్తూ కాంపౌండరు గుసగుసలాడాడు. "మాస్టారు జడ్జిగారి ముందు చొక్కా అంచు పర్రున చింపాడయ్యా! మాత్రలన్నీ రాలాయి. డాక్టరొచ్చి అందర్నీ చూడాలన్నారు జడ్జిగారు. నీ వాయిదాకని వచ్చిన మీ ఆవిడకి చెప్పాడట, 'మీ ఆయన తాగలేదమ్మా' అని. కోర్టు తలుపు పట్టుకుని ఏడ్చిందట."

దర్జీ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఈసారి ఏడుపు సరిగానే వచ్చింది.

సాయంత్రం తలుపు తెరిచి డాక్టరు నిలబడ్డాడు. చేతిలో ఖాళీ చీటీ, మొహంలో చిరాకు. "నీకేం బాధ?"

ఆరు నెలలుగా కూడబెట్టుకున్న మాటలన్నీ దర్జీ గొంతు దాకా వచ్చాయి.

"వార్డులో అందర్నీ చూశారా?"

"పదిమందిని చూశా. చాలదూ?"

"చాలదు. నన్ను వరుసలోకి పంపండి. నా వంతు వచ్చినప్పుడు చెప్తా."