శ్రవణ్ సార్ జవాబులు

"కుర్చీల కూసునుడు గూడ పనేనా?" అన్నది మా అత్త భీమమ్మ, నేను బియ్యం కడుగుతుంటే. తిట్టలేదు, ఊరికెనే అడిగింది.

వనపర్తిల మా ఆయన శ్రవణ్ కుమార్‌కు ఫ్లెక్సీల దుకాణం ఉంది. ఇంటిపని తీరినంక పదింటికి పోయి నేను కంప్యూటర్ ముందు కూసుంట. పెండ్లి ఫ్లెక్సీలల్ల జంట ఎనుక గుట్టలు, చెరువులు, పైన మొగులు అన్నీ మౌస్‌తోని నేనే గీస్త. కింద మూలకు మాత్రం ఆయన పేరు, ఆయన మెయిలు ఉంటయి. "నువ్వేం గీస్తున్నవ్, కంప్యూటర్ గీస్తుంది" అంటడు. ఒక్కోసారి నిజమేనేమో అనిపిస్తది.

రెండువేల ఎనిమిది ఎండకాలంల లింగాల నుంచి జబీన్ అనే డిగ్రీ పిల్ల మెయిలు పంపింది. ఎవరి పెండ్లి ఫ్లెక్సీ మీదనో నా గుట్టలు చూసిందట. 'శ్రవణ్ సార్, నేను కంప్యూటర్‌ల గీసిన సీనరీ చూసి తప్పులు చెప్పండి' అని ఇంగ్లీషు అచ్చరాలల్ల తెలుగు. ఆయనకు చూపిస్తే "నాకు టైం లేదు, నువ్వే ఏదో ఒక జవాబు కొట్టు" అన్నడు.

కొట్టిన. ముందుగాల బాగున్నదే చెప్పిన, ఆమె గీసిన తుమ్మకొమ్మలు నాకు గూడ రావని. తర్వాత, దూరం గుట్టలకు రంగు పలుచగ వెయ్యి, దగ్గరివి చిక్కగ. నీడకు నల్లరంగు వద్దు, ముదురు నీలం కలుపు. మొగులు వేరే లేయర్ మీద గీసుకో, చెడితే అదొక్కటే తీసెయ్యొచ్చు. బొమ్మను అద్దంల చూసినట్టు తిప్పి చూడు, తప్పు దానంతటదే దొరుకుతది. వారం వారం ఆమె బొమ్మ వచ్చేది, నా జవాబు పోయేది. కింద 'శ్రవణ్' అని. 'ఇంత ఓపికగ ఎవ్వరు చెప్పలేదు సార్' అని రాస్తే సంతోషమయ్యేది, ఎంబడే పరేషాన్ అయ్యేది. ఆ మెచ్చుకోలు ఎవరిది? ఆ ఓపికున్న శ్రవణ్ ఎవరు? ఒకనాడు అన్నం వడ్డించుకుంట ఆయన మొకంల అతన్ని ఎతికిన గూడ.

ఆగస్టుల జబీన్, వాళ్లమ్మ కుల్సుమ్‌బీని తోడు తీసుకొని దుకాణానికే వచ్చింది. నేను చాయ్ తెచ్చేసరికి సీడీ పెట్టి బొమ్మ తెరిచింది. సాయంత్రం మొగులు, కింద చెరువు.

"సార్, నీళ్లు నీళ్ల లెక్క కనిపిస్తలేవు. ఏం చెయ్యాలె?"

ఆయన జరసేపు చూసి, "నీలం పెంచు" అన్నడు.

"మెయిళ్లల్ల గిట్ల చెప్పలేదు గద సార్" అన్నది పిల్ల మెల్లగ.

"నేను చెప్తుంటే మా ఆమె టైపు కొడ్తది. ఏదో తప్పు కొట్టినట్టుంది."

ఆయన ఎప్పుడన్న చెప్పిండా, నేనే మర్చిపోయిన్నా? మాట్లాడితే ఆయన పరువు పోతది. ఊకుంటే బొమ్మ పోతది. ఏది ఎక్కువనో సమజ్ కాలే. ఎర్రటి మొగులు కింద ఆ పిల్ల నీలం రంగు ఎంచుకుంటుంటే, చాయ్ గిలాసలు బల్ల మీద పెట్టి ఆమె పక్కకు కుర్చీ గుంజుకున్న.

"నీలం వద్దు జబీన్. నీళ్లల్ల మొగులే పడ్తది. మీద ఎరుపుంటే కింద గూడ ఎరుపే, జర మసకగ. బ్రష్ పలుచగ పెట్టి అడ్డంగ గుంజు."

ఆమె బొమ్మ దిక్కు చూడలే. నా దిక్కే చూసింది. "మేడం, మరి ఆ మెయిళ్లు..."

"లే, చాయ్ చల్లారుతుంది, వాళ్లకియ్యి" అన్నడాయన నాతోని.

"జర మీరే ఇయ్యుండ్రి. నేను చెప్తున్న."

ఆ మాట ఎట్ల వచ్చిందో నాకే తెల్వదు. ఆయన గిలాసలు అందుకున్నడు.

"ఆ మెయిళ్లు నేనే రాసిన" అన్న జబీన్‌తోని. "ఇగ నుంచి నాకే రాయి. నా పేరు స్వరూప."

నాకు మెయిలే లేదని వాళ్లు బస్సెక్కినంక యాదికొచ్చింది.