కొంగ తెలుపు

"సార్, సామాను ఎంత బరువుంటదో ముందుగల్ల చెప్పున్రి," అన్నాడు హన్మయ్య, ట్రాలీ ఆటోను గేటు ముందు ఆపుతూ. "బీరువా అయితే నేనొక్కణ్ని పట్ట."

మెట్ల మీద నిలబడ్డ జగన్మోహన్‌కు ఏమని చెప్పాలో తోచలేదు. అతను ఉప్పల్‌లో ఒక బడిలో తెలుగు చెబుతాడు. సరైన మాట దొరికితే తప్ప నోరు తెరవని అలవాటు. భార్య పోయినప్పటి నుంచి ఆ అలవాటు ఇంకా ముదిరింది.

సామాను తీసుకుపోవడానికి వచ్చిన రమేష్ అందుకున్నాడు. "బీరువా గాదు పెద్దన్నా. పాతకాలం ప్రొజెక్టరు. డెబ్బై కిలోలకు తక్కువుండదు. మూడు కండ్లుంటయి."

"మూడు కండ్లా? అయితే శివయ్యనే తోల్కపోతున్నమన్నట్టు," అని నవ్వి, హన్మయ్య బండిని వేపచెట్టు నీడకు పెట్టుకున్నాడు.

పైగదిలోని ఆ యంత్రం అతని భార్య గౌతమిది. ఆమె నాచారంలో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో టెస్టింగ్ పని చేసేది. కంపెనీ పాత శిక్షణ హాలును పడగొడుతుంటే, ఇనుప సామానులో కలిసిపోబోతున్న ప్రొజెక్టరును, దాని వెండిపూత తెరను అడిగి ఇంటికి తెచ్చుకుంది. ఇప్పటి ప్రొజెక్టర్లకు ఉన్నట్టు దానికి ఒకే దీపం, ఒకే లెన్సు ఉండవు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు పిక్చర్ ట్యూబులు పక్కపక్కన ఉంటాయి. ఒకే బొమ్మను మూడు రంగుల్లో విడివిడిగా తెర మీదికి పంపుతాయి. ఆ మూడూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి పడాలి. "పడితే బొమ్మ, పడకుంటే మూడు దయ్యాలు," అనేది గౌతమి. వాటిని కూర్చడానికే ఆమె కొన్నేళ్ల ఆదివారాలు ఆ గదిలో గడిపింది. ఊళ్లో ఈ పిచ్చి ఉన్నవాళ్లు కొద్దిమందే. కాప్రాలో ఉండే రమేష్, పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నీరజ ఆ కొద్దిమందిలో ఇద్దరు.

ప్రొజెక్టరును తీసుకుపొమ్మని జగన్మోహనే రమేష్‌కు ఫోన్ చేశాడు. వాడని వస్తువు వాడేవాళ్ల దగ్గర ఉండాలి అన్నాడు. ఆ వాక్యాన్ని ముందే అనుకుని పెట్టుకున్నాడు. అసలు సంగతి వేరు. ఇంట్లో మిగతా అన్ని చోట్లా, వంటింట్లో, స్కూటరు మీద, చివరికి దవాఖానా వరండాలో కూడా, ఆమెతో పాటు తనూ ఉన్నాడు. ఆ గదిలో మాత్రం తను ఎవరో అతనికి తెలియలేదు. గోడ పక్కన, గోడకున్న చిన్న దీపం కింద, రాతబల్ల చేయి ఉన్న చెక్క కుర్చీలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేవాడు. ఆమె నడిమి పేము కుర్చీలో కూర్చునేది, లేదంటే తెర దగ్గర నిలబడేది. అప్పుడప్పుడు, "ఇప్పుడెట్లుంది?" అని అడిగేది. అతను ఒకసారి తలెత్తి తోచింది చెప్పి, మళ్లీ పేపర్లలో పడేవాడు. నిద్రపోయానేమో అని అడుగుతోంది అనుకునేవాడు. ఆమె లేని ఈ నెలల్లో ఆ గది తలుపు తీసినప్పుడల్లా, తను లేకపోయినా ఆమెకు అక్కడ లోటేమీ ఉండేది కాదు అనిపించేది. ఆ మాట ఎవరితో అనగలడు? యంత్రాన్ని పంపించడం తేలిక.

"విప్పేముందు ఒక్కపారి ఆన్ చేసి సూద్దాం సార్," అన్నాడు రమేష్ పైకి వచ్చాక. "విప్పినమంటే గౌతమి పెట్టిన సెట్టింగు మళ్లా రాదు. ఇంచు కదిలినా లెక్కంత మారుతది. మా ఇంట్ల మళ్లా సున్నా నుంచి షురూ చెయ్యాలె."

ఆ సంగతి జగన్మోహన్‌కు అప్పటిదాకా తెలియదు. యంత్రం పోతుంది అనుకున్నాడు గాని, ఆమె చేసిన పని కూడా పోతుందనుకోలేదు. "సరే, చూద్దాం," అన్నాడు.

"చూడనీకె ఏమన్న మిగిలుంటే," అంది నీరజ, కిటికీలకు నల్లగుడ్డ బిగిస్తూ. "లోపల చిన్న బ్యాటరీ ఉంటది సార్. సెట్టింగులన్నీ దాని మీదనే బతుకుతయి. గిన్ని నెలలు బంద్ పెట్టిన్రు గదా. అది సచ్చిపోయిందనుకోన్రి, అంతా సాఫ్."

"నువ్వు శుభం పలుకవానె," అన్నాడు రమేష్.

బయట ఎర్రటి మధ్యాహ్నం. లోపల చేయి చూసుకుంటే చేయి కనపడని చీకటి. రమేష్ స్విచ్ వేశాడు. యంత్రంలో ఏదో చిన్నగా టిక్కుమంది. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. గౌతమి చీరకొంగుకు ఆదివారం సాయంత్రాల్లో ఉండే వాసన అది. జగన్మోహన్ గోడ పట్టుకుని నడిచి తన చెక్క కుర్చీలోనే కూర్చున్నాడు. వేరే కుర్చీలో కూర్చోవచ్చని తోచనే లేదు.

తెర మీద గళ్లు వచ్చాయి. గళ్లచీర పరిచినట్టు అడ్డంగా, నిలువుగా గీతలు. ప్రతి గీతా మూడుగా చీలి ఉంది. ఒకటి ఎర్రగా, ఒకటి పచ్చగా, ఒకటి నీలంగా.

"పోయింది," అన్నాడు జగన్మోహన్.

"పోలే సార్, బ్యాటరీ బతికే ఉంది," అంది నీరజ. "పోతే గిట్లుండదు, సుట్టుకపోయిన నూలు ఉండ లెక్కుంటది. ఇది సల్లగున్నది, అంతే. వేడెక్కేదాక ముట్టుకోవద్దు. చాయ్ తాగుదాం."

అది ఆ మనుషుల పద్ధతి. యంత్రం వేడెక్కేదాకా ఎవరూ రిమోట్ పట్టరు. చల్లగా ఉన్నప్పుడు దిద్దితే, వేడెక్కాక ఆ దిద్దుబాటే తప్పవుతుంది. ఫ్లాస్కులోంచి చాయ్ పోసుకుని చీకట్లో కూర్చున్నారు.

"మా ఇంటామె అయితే ఇప్పటికీ అంటది," అన్నాడు రమేష్. "సెల్‌ఫోన్ల సినిమా నడుస్తుంటే, నువ్వు గా గళ్లు సూస్కుంట కూసుంటవేంది, లుంగీలమ్ముతవా అని."

"సినిమా ఎప్పుడన్న సూశినవా అన్నా నువ్వు?"

"సగం సూశిన. మిగతా సగం ముందు నీలం జరిగింది."

నీరజ పకపకా నవ్వింది. జగన్మోహన్ నవ్వలేదు. అతను తెర చూస్తున్నాడు.

ఎవరూ ముట్టుకోలేదు. అయినా గీతలు కదులుతున్నాయి. కదలడం కంటికి తెలియదు, చాయ్ గుక్క వేసి మళ్లీ చూస్తే ఎర్రగీత కొంచెం దగ్గరికి వచ్చి ఉంటుంది. పచ్చగీత ఉన్నచోటే ఉంది. ఒక పక్కనుంచి ఎరుపు, ఒక పక్కనుంచి నీలం, ఇంటికి వచ్చే మనుషుల్లా దానికేసి వస్తున్నాయి. ఎరుపు కలిసిన చోట గీత పసుపుపచ్చగా మారింది. నీలం కూడా చేరింది. రంగులు లేవు. సన్నని తెల్లటి గీత మిగిలింది. ఒకదాని తర్వాత ఒకటి, ఈ మూల నుంచి ఆ మూలదాకా, వందల గళ్లు.

జగన్మోహన్ చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఆమె పోయాక ఈ గదిలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఇన్ని నెలల తర్వాత ఆ మూడు రంగులు, ఆమె రమ్మన్న చోటికి, వాటంతట అవే నడిచి వచ్చాయి. ఊపిరి గట్టిగా పీలిస్తే చెదిరిపోతాయేమో అన్నట్టు కూర్చున్నాడు.

"వామ్మో," అన్నాడు రమేష్, గొంతు తగ్గించి. "మూలలు సూడు నీరజా. నా జన్మల నాకు మూలలు గిట్ల కలవలే."

నీరజ గళ్లు తీసేసి గౌతమి పరీక్షకు వాడుకునే వీడియో పెట్టింది. కాప్రా చెరువు, తెల్లవారకముందు. మొదట ఏమీ లేదు. చీకటి బొమ్మ అంటే ఇప్పటి తెరల మీద కనిపించే బూడిదరంగు కాదు. నిజంగానే ఏమీ లేదు. తెర ఎక్కడ ఉందో, గోడ ఎక్కడ ఉందో తెలియలేదు. గదికి ఆ వైపు గోడ తీసేసి రాత్రిని లోపలికి వదిలినట్టుంది. తర్వాత నీళ్ల అంచు మీద ఒక వెలుగు గీత. రెల్లు. ఒంటికాలి మీద ఒక కొంగ.

కొంగ మెడ కదిపింది.

నడిమి పేము కుర్చీలో కూర్చున్న రమేష్ ముందుకు వంగాడు. "జర ఎర్రగ లేదూ?"

"ఉంది," అంది నీరజ, అతని వెనక నిలబడి. "కొంగకు పసుపుకుంకుమ నీళ్లు సల్లినట్టుంది."

"నీలం ట్యూబ్ అరిగిందేమో," అన్నాడు రమేష్. "పాపం, ఆఖర్ల దవాఖానల సుట్టూ తిరుక్కుంట రంగులు సూస్కోలేదేమో. కండ్లు కూడా గుంజినయంటిరి గదా సార్."

జగన్మోహన్‌కు ఆ మాట గుచ్చుకుంది. నిజమే కావచ్చు. చివరి రోజుల్లో ఆమె కళ్లు మూసుకునే ఎక్కువ మాట్లాడేది. అంత పట్టుదల గల మనిషి చేతిలోంచి ఆఖరికి తెలుపు జారిపోయిందన్నమాట.

"రెండు నొక్కులల్ల సరిజేస్త," అని రమేష్ రిమోట్ తీసుకున్నాడు. "ఎట్లాగూ విప్పుతున్నం గని, పోయేముందు దాని మొకం దానికి ఇద్దాం."

జగన్మోహన్ కొంగను చూశాడు. మళ్లీ చూశాడు. రంగుల గురించి తనకు తెలిసింది తక్కువ, చెప్పాలా వద్దా అనుకున్నాడు. కాని కనిపించేది కనిపించినట్టు చెప్పకపోవడం అతనికి చేతకాదు.

"నాకు తెల్లగానే కనబడుతున్నది," అన్నాడు.

రమేష్ మెత్తగా నవ్వాడు. "సార్‌కు తెలుపంటే సుద్దముక్క."

"సుద్దముక్క కూడా గింత తెల్లగుండదు రమేష్."

ఆ గొంతులో ఏం వినిపించిందో, నీరజ చీకట్లో తడుముకుంటూ గోడ పక్కకు వచ్చింది. అతని భుజం దగ్గర వంగి, తన కళ్లను అతని కళ్ల ఎత్తుకు తెచ్చి తెర చూసింది. చాలాసేపు చూసింది.

"రమేషన్నా," అంది. "రిమోట్ కింద పెట్టు."

"ఏమైందే?"

"కింద పెట్టి ఇటు రా."

రమేష్ వచ్చాడు. జగన్మోహన్ లేచి కుర్చీ ఇచ్చాడు. రమేష్ కూర్చుని, తల ఎడమకు కుడికి జరిపి, మళ్లీ మధ్యకు తెచ్చాడు. ఆ తర్వాత మాట్లాడిన మాట తెరతో మాట్లాడినట్టుంది. "గీ వెండి తెరతోని తకరారే అది సార్. మూడు కండ్లు పక్కపక్కనుంటయి గదా. పక్కకు జరిగి సూస్తే ఒక రంగు ఎక్కువ కొడ్తది. ఈ గోడకాడ కూసుంటే బొమ్మ నీలంగ ఉండాలె. ఎవ్వరైనా తెలుపు నడిమి కుర్చీకే కుదురుస్తరు. ఒక్క కుర్చీకే కుదురుతది, రెండిటికి కుదరదు."

"అరుగుడు కాదు, కండ్లు కాదు," అంది నీరజ. "అక్క ఈ కుర్చీకి కుదిర్చింది."

జగన్మోహన్ నిలబడే ఉన్నాడు. ఒక ఆదివారం గుర్తుకు వచ్చింది. "కొంగ ఏ రంగుంది?" అని ఆమె అడిగింది. అతను పేపర్ల మీదినుంచి తలెత్తి, "నీలంగ ఉంది," అన్నాడు. "తెల్లకొంగ నీలమేంది?" అని ఆమె నవ్వింది. కాసేపటికి, "ఇప్పుడు?" అంది. జర నయం అన్నాడు. "ఇప్పుడు?" ఎన్ని ఆదివారాలు అడిగిందో. తను నిద్రపోయాడేమో అని కాదు.

మెల్లగా నడిచి వెళ్లి అతను నడిమి కుర్చీలో కూర్చున్నాడు. అందులో ఎప్పుడూ కూర్చోలేదు. పేము అల్లిక ఆమె కూర్చున్న చోట లోపలికి దిగి ఉంది. తలెత్తి చూశాడు.

కొంగ ఎర్రగా ఉంది. నీళ్లు, రెల్లు, ఆకాశం, అన్నింటి మీదా ఆ ఎర్రజీర ఉంది. గీత వెంట్రుకంత పక్కకు పోతే అన్నం మానేసి కూర్చునే మనిషి, ఈ కుర్చీలో కూర్చుని, ప్రతి ఆదివారం, తప్పు రంగు చూసింది. తెలిసి చూసింది. ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే అతను కుర్చీ జరుపుకునేవాడు. పేపర్లకు ఆ గోడ దీపం వెలుతురు కావాలని ఆమెకు తెలుసు.

తలుపు కిర్రుమంది. సన్నటి వెలుతురుతో పాటు హన్మయ్య తల లోపలికి వచ్చింది. "సార్, పొద్దు వాలుతున్నది. శివయ్యను దించుతరా, నన్ను పొమ్మంటరా?"

"తలుపెయ్యి పెద్దన్నా, తలుపెయ్యి!" రమేష్, నీరజ ఒకేసారి అరిచారు.

హన్మయ్య కంగారుగా తలుపు వేసుకుని లోపలే ఉండిపోయాడు. చీకట్లో తెర కనిపించింది. "ఓర్నీ," అన్నాడు.

"హన్మయ్యన్నా," అన్నాడు జగన్మోహన్. "సామాను దించేది లేదు. చాయ్ తాగి పోదువు గని, ఆ గోడ పక్కన చెక్క కుర్చీ ఉంది. దాంట్ల కూసో."

రమేష్ లేచి చోటిస్తూ, "మా ఇంటామె మీకు దండం పెడ్తది సార్," అన్నాడు. హన్మయ్య తడుముకుంటూ వచ్చి కూర్చున్నాడు. చెక్క కుర్చీ చప్పుడు చేసింది.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు జగన్మోహన్. "కొంగ ఏ రంగుంది?"

"గిదేం సవాల్ సార్? తెల్లగుంది. పాల లెక్క. కొంగ తెల్లగుండక ఎట్లుంటది?"

జగన్మోహన్ కళ్ల ముందు అది ఎర్రగానే ఉంది. రిమోట్ అతని కాళ్ల దగ్గరే, రమేష్ కింద పెట్టినచోటే ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు. కొంగ రెక్కలు విప్పి లేచేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాడు.