పన్నెండు దగ్గర ఆగిన నీళ్ళు

ఉదయభాస్కర్ మాస్టారికి తన చేతిపని మీద నమ్మకం, పాపం, కాస్త ఎక్కువే. రాజమండ్రిలో వాళ్ళ అపార్ట్‌మెంటు సెల్లారులోకి వానాకాలమంతా నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. మూలన ఓ గుంట, అందులో మోటారు. గుంట నిండితే దానంతటదే ఆన్ కావాలి. పోయినేడాది అది మొరాయించి మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. వాచ్‌మన్ చిట్టియ్య కాపురం ఆ సెల్లారు గదిలోనే. అతని తల్లి సూరమ్మకు పక్షవాతం, మంచం దిగలేదు.

అందుకే సైన్సు చెప్పే మాస్టారు స్వయంగా రంగంలోకి దిగారు. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాకు కన్నాలు పెట్టి, సెన్సార్ బిగించి, గుంట మీద వేలాడదీశారు. అది నీటిమట్టం కొలిచి, మొదటి అంతస్తులో వాళ్ళింటి వైఫై మీదుగా ఫోనుకు పంపుతుంది. మట్టం ముప్పై సెంటీమీటర్లు దాటితే ఫోను గోల చేస్తుంది.

"ఇక గంటగంటకీ కర్రతో కొలవక్కర్లేదు చిట్టియ్యా. నేను చూస్తుంటాను," అన్నారు.

"అలాగేనండి," అన్నాడు చిట్టియ్య. మాస్టారి మాటంటే అతనికి గురి.

ఆ ఆదివారం మాస్టారు, భార్య వినీల రామచంద్రపురంలో బంధువుల గృహప్రతిష్ఠ ప్రార్థనకు వెళ్ళారు. భోజనాల వేళకు వాన దంచడం మొదలుపెట్టింది. మాస్టారు ఫోను తీసి చూశారు. పన్నెండు సెంటీమీటర్లు. పక్కనున్న బావమరిదికి చూపించి కాసేపు గొప్పలు పోయారు. అరగంటకు మళ్ళీ చూస్తే పన్నెండే. మూడింటికీ పన్నెండే. ఇంత వానకు ఒక్క సెంటీమీటరైనా పెరగదా? మోటారు లాగితే తగ్గదా? ఆయన చేతిలోని పాయసం గ్లాసు పక్కన పెట్టేశారు.

"వినీలా, వచ్చేటప్పుడు ఇంట్లో ఏమైనా ఆపావా?"

"మెయిన్ ఆపానండి. ఊరెళ్ళేటప్పుడు ఎప్పుడూ ఆపుతాను కదా. ఏంటి, ఏమైంది?"

మాస్టారు మళ్ళీ ఫోను వంక చూశారు. కరెంటు లేని ఇంట్లో వైఫై ఎక్కడిది? ఫోను పొద్దుటి అంకెనే పట్టుకు కూర్చుంది. కబురు ఆగిపోతే ఆ సంగతైనా చెప్పాలని ఆయన దానికి నేర్పలేదు. అంత తెలివిగల మనిషికి ఆ ముక్క తట్టలేదు.

చిట్టియ్యకు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తలేదు. మూడో అంతస్తు శ్యామలాంబ గారు మాత్రం ఎత్తి, "ఉండండి, కిందకెళ్ళి చూస్తాను," అన్నారు. ఆ తర్వాత ఆవిడా ఎత్తలేదు.

కారులో గంటన్నర. వినీల పెదవులు కదుపుతూ ప్రార్థన చేస్తోంది. మాస్టారికి అదీ రాలేదు. సూరమ్మ మంచం ఎత్తెంత? మూరెడు ఉంటుందా? దారి పొడుగునా అదే లెక్క, అదే భయం.

సెల్లారు నిండా బురదనీళ్ళు. మెట్ల మీద ప్లాస్టిక్ కుర్చీలో, ఎవరిదో దుప్పటి చుట్టుకుని, సూరమ్మ గడగడ వణుకుతోంది. ఆమెను చూడగానే మాస్టారికి ఏడుపొచ్చేసింది.

"నీళ్ళు మంచం పట్టె దాకా వచ్చేశాయండి. పైవాళ్ళని కేకేసి మోయించాను," అన్నారు శ్యామలాంబ గారు. మోటారుకు గోనెపీలిక ఏదో అడ్డం పడిందట.

చిట్టియ్య నడుం లోతు నీళ్ళలోంచి పైకి వచ్చాడు. ఫోను గదిలోనే వదిలేసి, తల్లి మందుల కోసం బజారుకు వెళ్ళి, వానకు చిక్కుకుపోయి, ఇప్పుడే తిరిగొచ్చాడు.

"మీరు చూస్తున్నారు కదా అని ధైర్యంగా వెళ్ళానండి," అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు.

చేతిలోని టిఫిన్ డబ్బాను చొక్కా అంచుతో తుడిచి మాస్టారికి అందించాడు.

"తడిసిపోయిందండి మాస్టారూ. నేను చూసుకోవాల్సింది. ఏమనుకోకండి."