బసీలియా జుట్టు

తెల్లవారగానే ఒతీలియా సున్నపు నీళ్ళలో నానిన మొక్కజొన్నలు కడిగి రోటి దగ్గర కూర్చునేది. పెనం వేడెక్కేలోపు వాళ్ళ నాన్న క్రిస్పిన్ కాఫీ తాగి, చెక్క దువ్వెన చొక్కా జేబులో పెట్టుకుని చేనికి బయల్దేరేవాడు. పొత్తులు వచ్చే కాలమంతా ఇదే వరస. వాళ్ళ చేలో పొత్తులకి పీచు బదులు ఒతీలియా వాళ్ళమ్మ బసీలియా జుట్టు వచ్చేది. నల్లగా, చివర్లు వంపు తిరిగి, పొయ్యి పొగ వాసనతో. ఆమె చనిపోయిన ఏటి నుంచీ అంతే.

దారిన పోయేవాళ్ళు ఆగి పలకరించేవాళ్ళు. "మీ ఆవిడ జుట్టు ఈసారి పలచబడిందేం క్రిస్పిన్?"

"ఎండలు కదా," అనేవాడు, దువ్వుతూనే.

ఆ మిష్తెకా కొండల్లో విత్తే రోజున పొరుగింటి గింజలు గుప్పెడు తెచ్చి తమ బుట్టలో కలుపుకోవడం ఆచారం. కలపని బుట్టని ఎవరూ భుజానికి ఎత్తుకోరు. పెళ్ళాం పోయాక క్రిస్పిన్ అది మానేశాడు. జుట్టు అచ్చం ఆమెలాగే ఉన్న పొత్తుల్నే విత్తనానికి ఉంచేవాడు. పూత కాలంలో పొరుగు చేల పుప్పొడి పడకుండా పొత్తులకి గుడ్డసంచులు కట్టి, తన చేలోని పూతనే వాటిమీద దులిపేవాడు. ప్రేమతోనే చేశాడు. స్వచ్ఛత కాపాడుతున్నామని తలుపులు మూసుకున్నవాళ్ళంతా ప్రేమతోనే చేశామంటారు. స్వచ్ఛత అన్న మాట కనిపెట్టినవాడు ఎవడో గానీ, వాడి చేలో ఎప్పుడూ కరువు వచ్చి ఉండదు.

వానలు పడినన్నాళ్ళూ ఏమీ తెలియలేదు. మొక్కలు ఏటేటా కాస్త పొట్టివవుతున్నాయి, అంతే. మంచి వాన ఎన్ని తప్పుల్నైనా ఆకుల కింద దాచేస్తుంది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. కొండ మీద టమాటా పందిళ్ళు వేసిన కామందు ఊటకి గొట్టం బిగించుకున్నాడు. నీళ్ళు ఆయన పందిళ్ళకి, దాహం కింది చేలకి. క్రిస్పిన్ చేలో మొలకలు కొన్ని కాగితంలా తెల్లగా వచ్చి వారంలో మాడిపోయాయి. మిగిలినవాటికి పైపూత ఒక్కసారే విచ్చుకుని, రాలి, ఎండిపోయింది. అప్పటికింకా పొత్తుల్లోంచి వెంట్రుక కూడా బయటికి రాలేదు. వచ్చేసరికి చేలో పుప్పొడి మిగల్లేదు.

ఒక్కో వెంట్రుకకీ ఒక్కో రేణువు అందితేనే ఒక్కో గింజ పడుతుంది. అందని వెంట్రుక ఆగదు, ఎదురుచూస్తూ పెరుగుతూనే ఉంటుంది. బసీలియా జుట్టు పొత్తుల నుంచి మోకాళ్ళ దాకా, మోకాళ్ళ నుంచి చాళ్ళ దాకా పెరిగింది.

రాళ్ళ గోడకి అవతల ఎర్మెలిందా చేను. అదీ వాడింది. కాకపోతే పది ఇళ్ళ గింజలు కలిసిన చేను కాబట్టి కొన్ని చచ్చాయి, కొన్ని ముందే పూశాయి, కొన్ని ఇప్పుడిప్పుడే పూస్తున్నాయి.

"ఒరే క్రిస్పినూ, వెనక చాళ్ళలో పూత ఉంది. నాలుగు విరిచిస్తా, దులుపుకో," అంది గోడ మీంచి.

"వద్దక్కా."

"వద్దంటే గింజలు నీ అందం చూసి పడతాయా?"

"ఆమె తలమీద పరాయింటి దుమ్ము పోయను."

"పరాయింటిదా? మీ పెళ్ళికి ఆ తల దువ్వింది నేనేరా. ఎన్ని పేలు తీశానో నీకు చెప్పి ఉండదులే."

పక్క చాలులో ఉన్న ఒతీలియాకి నవ్వు వచ్చింది, అంతలోనే కోపం వచ్చింది. "వచ్చే ఏడు ఏం విత్తుదాం నాన్నా, దువ్వెనా? ఊరుమ్మడి భూమి ఇది, విత్తకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు."

"కలిపితే మీ అమ్మ మళ్ళీ రాదే."

"అమ్మ పోయింది నీ ఒక్కడికేనా?"

ఆయన మళ్ళీ దువ్వెన అందుకున్నాడు. ఒతీలియా ఇంటికి వెళ్ళి బట్టలు మూట కట్టుకుంది. తీరంలో టమాటాలు కోయడానికి కూలీల లారీ మర్నాడు వస్తుంది. వెళ్ళినవాళ్ళు పండగలకి కూడా రావడం లేదు.

పొద్దున్నే చెప్పి వెళ్దామని ఆమె చేనికి వచ్చింది. జుట్టు గోడ ఎక్కి దిగి ఉంది. ప్రతి చాలు నుంచీ వెంట్రుకలు పాయలుగా కలిసి, రాళ్ళ సందుల్లోంచి దూరి, ఎర్మెలిందా వెనక చాళ్ళలో పూత కింద పరుచుకున్నాయి. కొసలకి అప్పుడే పసుపు పొడి అంటింది.

క్రిస్పిన్ కొడవలి పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉన్నాడు.

"కోస్తావా?" అంది ఎర్మెలిందా.

ఆయన పసుపు అంటిన కొసల్ని వేళ్ళతో తడిమాడు. "బతికుండగా కూడా నా మాట ఎప్పుడు విన్నది గనక," అని కొడవలి గోడమీద పెట్టి, గోడ దాటి కింద కూర్చుని దువ్వెన తీశాడు. లోపలి వెంట్రుకలకి కూడా పొడి అందేలా పాయ పాయా విడదీశాడు. ఒతీలియా మూట పక్కన పడేసి, పూత వంచి దులిపింది. చౌరస్తాలో లారీ హారన్ మోగింది. మళ్ళీ మోగింది. తర్వాత ఆగిపోయింది.

పొత్తులు చిన్నవే, సగం బోడివి. తెల్ల గింజల మధ్య అక్కడక్కడా ఎర్మెలిందా చేని నీలం గింజలు. ఆ చలికాలం ఆవిడ పంపిన మొక్కజొన్నలు తిన్నారు గానీ, తమ పొత్తుల్లో ఒక్క గింజ ముట్టకుండా విత్తనానికి ఉంచారు. విత్తే రోజున క్రిస్పిన్ తనే వెళ్ళి పొరుగు గుమ్మాల ముందు బుట్ట పట్టాడు.

వాన మళ్ళీ అంతంతమాత్రమే. గొట్టం ఇంకా కామందుదే. అయినా మొక్కలు ఆయన తల దాటి పెరిగాయి. పూతా పొత్తులూ ఒకేసారి వచ్చాయి. జుట్టు ఎర్రగా, బిరుసుగా, తిన్నగా ఉంది.

క్రిస్పిన్ ప్రతి చాలూ వెతికాడు. నల్ల వెంట్రుక ఒక్కటి కూడా లేదు.

"ఎవరిదక్కా ఇది?"

"మావాళ్ళలో ఎవరిదీ కాదురా," అంది ఎర్మెలిందా, ఈసారి వెక్కిరించకుండా.

మర్నాడు ఆయన కాఫీ తాగలేదు. ఒతీలియా రోటి దగ్గర్నుంచి చూస్తూనే ఉంది. ఆయన గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, దువ్వెన తీసి జేబులో పెట్టుకున్నాడు.

చేలో గాలికి జుట్టంతా చిక్కు పడి ఉంది. మొదటి మొక్క ముందు కూర్చున్నాడు.

"ఎవరి పిల్లవో," అని, చిక్కు తీయడం మొదలుపెట్టాడు.