అడగందే చెయ్యి పెట్టకు

పిన్ని పార్లర్‌లో అద్దం కంటే పెద్దది పిన్ని నోరు. ఎవరొచ్చి కుర్చీలో కూర్చున్నా ముందు సీసా తీయదు, ప్రశ్నలు తీస్తుంది. "ఈ వారం మొహానికి ఏం రాశారు? ఎండలో తిరిగారా? నిమ్మచెక్క రుద్దారా? దాచకండి, నేనేం పోలీసుని కాను." తర్వాత వేళ్ల వెనకవైపుతో చెంపలూ దవడలూ తడిమి చూస్తుంది. అప్పుడుగానీ తేల్చదు, చచ్చిన చర్మం తీయడానికి గరుకు స్క్రబ్ వాడాలా, పూస్తే పైపొర ఊడొచ్చే పీల్ ద్రావణం వాడాలా, ఉత్త మెత్తటి గుడ్డ చాలా అని. ఎదురు పార్లర్‌లో పనంతా పది నిమిషాల్లో అయిపోతుంది. ఇక్కడ అడగడానికే పావుగంట. అయినా జనం ఇక్కడికే వస్తారు. ఎందుకు రారు? ఇన్నేళ్లలో ఆ చేతి కింద ఒక్క మొహం కమిలింది లేదు.

"అడగందే చెయ్యి పెట్టకు" అన్న మాట ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న అక్క కూతురికి నిద్రలో కూడా వినిపిస్తుంది. పిల్లకి పిన్ని అంటే అంత ఆరాధన. ఆమె నడకా, ఆమె తిట్టూ కూడా వచ్చేశాయి. రానిదల్లా లైసెన్సు ఒక్కటే. పోయినసారి పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

పరీక్షలో బతికున్న మనిషి మొహం మీద చచ్చిన చర్మం తీసి చూపించాలి. "ఊళ్లోవాళ్ల మొహాలెందుకే, నాది లేదూ?" అంది పిన్ని. పిల్లకి కళ్లనీళ్లు తిరిగాయి. ఆ మొహమే కదా పార్లర్‌కి అసలు బోర్డు!

పరీక్షగదిలో నాలుగు కుర్చీలు, నాలుగు దీపాలు, మెడలో స్టాప్‌వాచ్‌తో ఒక పరీక్షకురాలు. "కుర్చీలో ఉన్నవాళ్లు అడిగినదానికే జవాబు చెప్పాలి. అడక్కుండా ఒక్క మాట అందించినా ఆ అభ్యర్థి ఫెయిలే" అని చెప్పి గంట కొట్టింది.

పిల్ల చకచకా మొహం కడిగింది, తుడిచింది. ఏ పద్ధతి వాడాలో రాత్రే అనుకుంది. కొత్తగా తెప్పించిన పీల్ సీసా. రోజూ ఒకే కంచంలో తినే పిన్నిని ఈ వారం మొహానికేం రాశావని అడగడమేంటి, నవ్వుతారు! బ్రష్ ముంచింది. పిన్ని కళ్లు మూసుకుని కిమ్మనకుండా కూర్చుంది. ఎన్నడూ ఊరుకోని ఆ నోరు ఊరుకోవడం పిల్లకి వింతగానే అనిపించింది, పరీక్ష కదా అని సరిపెట్టుకుంది.

మనసు మరిచినా చెయ్యి మరవలేదు. బ్రష్ ఆనించబోతూ, అలవాటుగా ఎడమచేతి వేళ్ల వెనకవైపుతో దవడ కింద తడిమింది. కాలుతోంది. గడ్డం పైకెత్తి చూస్తే రూపాయంత మేర ఎర్రటి మచ్చ.

బ్రష్ పక్కన పెట్టేసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పిన్నిని 'మీరు' అంది.

"ఈ వారం మొహానికి ఏం రాశారండీ?"

పిన్ని కళ్లు తెరిచింది. "నిన్న రాత్రి, ఆ సీసాలోదే. దవడ కింద చుక్కంత."

"ఎందుకు?"

"నా పిల్ల చేతిలో పెట్టే సీసా ముందు నా మీద పడాలి కదా. పొద్దున చూసుకుంటే ఏమీ లేదు. ఈ దీపం కింద కూర్చున్నాకే మంట ఎత్తుకుంది."

పిల్ల సీసాకి మూత బిగించింది. చల్లటి నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, మచ్చ మీద పరిచింది. వాసన లేని క్రీమ్ రుద్దకుండా పలచగా అద్దింది. తర్వాత అచ్చం పిన్ని గొంతుతో అప్పజెప్పింది: "ఐదు రోజులు స్క్రబ్ లేదు, పీల్ లేదు, వేడినీళ్లు లేవు. పొట్టు లేస్తే గిల్లకండి, దానంతటదే రాలుతుంది. పొద్దునా రాత్రీ ఈ క్రీమే. గుమ్మం దాటితే గొడుగు. మంట పెరిగితే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లండి."

పరీక్షకురాలు వచ్చి నిలబడింది. "చచ్చిన చర్మం తీసి చూపించమంటే, ఏమీ తీయలేదే?"

"ఈరోజు ఈ మొహం మీద ఏదీ తీయకూడదు మేడమ్." అంది పిల్ల. ఏడాది పోయిందనుకుంది.

పరీక్షకురాలు వంగి మచ్చ చూసింది, సీసా చూసింది. "ఏ పద్ధతి వాడాలో తేల్చడమూ పరీక్షే" అంటూ పాస్ అని రాసేసింది.

వీధిలోకి రాగానే పిల్ల బావురుమంది. "నేను అడక్కుండా పూసేసి ఉంటే?"

"ఓర్చుకునేదాన్ని."

"మొహమంతా కమిలిపోయేది పిన్నీ!"

"నాకు పది రోజులు మండుతుంది, నీకు ఏడాది పోతుంది. ఏది ఎక్కువే, పిచ్చిమొహమా?"

పిల్ల పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇలాంటి మనిషి ఇంకెక్కడుంటుంది!

ఊరందరికీ గొడుగు వేసుకోమని చెప్పి తను మాత్రం నడినెత్తి ఎండలో తిరిగే పిన్ని, ఆ ఐదు రోజులూ ఎదురు కొట్టుకి పాలప్యాకెట్ కోసం వెళ్లినా గొడుగుతోనే వెళ్లింది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆరో రోజు పార్లర్ తెరుస్తూనే వెళ్లి తన కుర్చీలో కాకుండా కస్టమర్ కుర్చీలో కూర్చుంది.

పిల్ల చేతులు కడుక్కుని వచ్చింది. "ఈ వారం మొహానికి ఏం రాశారండీ?"

"నువ్వు చెప్పిందే రాశానమ్మా" అంది పిన్ని, గడ్డం పైకెత్తి కళ్లు మూసుకుంటూ.